ఇది వేరే కోటా

రొట్టె కాల్చడం, అడవికి వెళ్లడం, పెరట్లో కూరలు పండించడం... బిలాస్‌పూర్ పరిసరాల్లో ఈ మూడూ కొందరికి సెలవుల సరదా, మరికొందరికి బతుకుతెరువు

వేసవి సెలవులు వచ్చాయంటే ఉత్తరాదిన స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో కోటా పేరు ఒక్కసారైనా వినబడుతుంది. ఐఐటీ, మెడిసిన్ సీట్ల కోసం పిల్లల్ని సాగనంపే రాజస్థాన్ కోటా అది. ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో అదే పేరుతో మరో ఊరుంది. కాకపోతే రైల్లో వచ్చేవారు కోటా స్టేషన్ కోసం కిటికీలోంచి ఎంత చూసినా కనబడదు. బోర్డు మీద రాసి ఉండేది కర్గీరోడ్ అని. 2006లో మొదలైన సి.వి.రామన్ విశ్వవిద్యాలయం, తహసీలు కచేరీ, ఓ అసెంబ్లీ నియోజకవర్గపు హంగు, ఆవల ఘోంఘా జలాశయం, ఇంకాస్త ముందుకుపోతే అచానక్‌మార్ అడవి. స్థూలంగా ఊరు ఇదీ.

ఆ కోటాలో సెలవులంటే కొత్త బ్యాచ్‌లు మొదలయ్యే రోజులు. ఈ కోటా చుట్టుపక్కల మాత్రం మే నెలలో పిల్లలు చేసే పనులు వేరు. పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె కాలేదాకా కాచుకోవడం, తెల్లవారకముందే అడవికి వెళ్లడం, పెరట్లో పాదులకు నీళ్లు పోయడం. హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల్లో సమ్మర్ క్యాంపుల వాళ్లు సరిగ్గా ఈ మూడింటినే కేకుల తయారీ, ప్రకృతి విహారం, కిచెన్ గార్డెన్ అని పేర్లు పెట్టి ఫీజు తీసుకుని మరీ నేర్పుతారు. ఇక్కడ ఫీజు లేదు. ఆ మాటకొస్తే అన్ని ఇళ్లలోనూ సరదా కూడా లేదు. రైల్వే క్వార్టర్‌లోని తెలుగు కుటుంబానికి కాలక్షేపమైన పనే, నలభై కిలోమీటర్ల అవతల అటవీ గ్రామంలోని గోండు, బైగా కుటుంబానికి ఏడాది లెక్కలో ఓ పద్దు.

బిలాస్‌పూర్‌లో తెలుగువాళ్లేమిటని అడిగేవారికి సమాధానం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా తూర్పుకు సాగే ఆ కంపెనీ ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. ఈస్ట్‌కోస్ట్ రైల్వేలో కటక్ దాకా ఉన్న ఉత్తర భాగం 1902లో అదే కంపెనీ చేతికొచ్చింది. ఆ విధంగా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలూ బిలాస్‌పూర్ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ లైను తయారై దారి మరింత దగ్గరైంది. ఆ దారిన వచ్చినవారి మూడో తరం, నాలుగో తరం ఇప్పుడు ఇక్కడి క్వార్టర్లలోనూ, రిటైరయ్యాక కట్టుకున్న సొంత ఇళ్లలోనూ ఉంది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ కేంద్రమయ్యాక ఊరు ఇంకా పెరిగింది. ఈ నగరంతో తెలుగు పేర్ల అనుబంధానికి రైలు ఉద్యోగాలొక్కటే కారణం కాదనుకోండి. ఇక్కడ న్యాయవాదిగా పేరు తెచ్చుకున్న బారిస్టర్ ఇ.రాఘవేంద్రరావు 1936లో మధ్యపరగణాలకు తాత్కాలిక గవర్నర్‌గా, 1941లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా పనిచేశారు.

రైల్వే కాలనీల్లో కేకుకు పాత చరిత్రే ఉంది. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డుల ఇళ్ల నుంచి క్రిస్మస్ వాసన పక్క లైన్లలోకి పాకడంతో మొదలైంది. ఓవెన్ లేనివాళ్లు ప్రెషర్ కుక్కర్‌లో అడుగున ఇసుక పోసి, గాస్కెట్, వెయిట్ తీసేసి, లోపల గిన్నె పెట్టి కేకు చేసేవారు. తర్వాత గుండ్రని అల్యూమినియం కరెంటు ఓవెన్లు వచ్చాయి. 2020 లాక్‌డౌన్ వేసవిలో బేకరీలు మూతపడి దేశమంతా ఇళ్లలోనే కేకులు, బ్రెడ్లు మొదలుపెడితే, ఈ కాలనీల్లోని పెద్దవాళ్లకు అదేమీ కొత్తగా అనిపించి ఉండదు. నిజానికి తెలుగువాళ్లకు ఇంట్లో కాల్చే విద్య కేకుతో వచ్చింది కాదు. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుట్లో పోసి, కింద కుంపటి, పైన మూత మీద నిప్పులు పెట్టి చేసే దిబ్బరొట్టె బేకింగ్ కాక మరేమిటి? పైనా కిందా సమానంగా వేడి తగలాలన్నదే ఓవెన్ సూత్రం కూడా.

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో దీనికి సాటివచ్చేది అంగాకర్ రోటీ. అంగార్ అంటే నిప్పు. బియ్యప్పిండిలో రాత్రి మిగిలిన అన్నం వేసి, ఉప్పు చల్లి, గట్టిగా పిసుకుతారు. ఆ ముద్దను అంగుళం మందాన తట్టి, కిందా పైనా మోదుగాకులు గానీ అరిటాకు గానీ కప్పి, పిడకల నిప్పుల మీద పెడతారు. ఆకు నల్లగా మాడిపోతుంది, లోపలి రొట్టెకు మాత్రం ఆ ఆకు వాసన పట్టుకుంటుంది. బియ్యప్పిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు. అది విరిగిపోకుండా పట్టి ఉంచేది అందులో కలిపిన అన్నం, ఆవిరి బయటికి పోకుండా కాపాడేది ఆకు. పైన పెంకు కట్టి, లోపల మెత్తగా ఉండే ఈ రొట్టెను పతాల్ చట్నీతో తింటారు. పతాల్ అంటే టమాటా. పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు వేసి రాతి మీద నూరతారు. గ్యాస్ పొయ్యి మీద పెనం పెట్టి చేసుకునేవారు కూడా ఉన్నారు గానీ, అది అట్టుకు దగ్గర, అంగాకర్‌కు దూరం.

మిగిలిన అన్నం మొత్తం రొట్టెలోకే పోదు. రాత్రి నీళ్లలో వేసి పొద్దున ఉప్పు, ఉల్లిపాయతో తినే బాసీ ఈ రాష్ట్రంలో వేసవి మందు. మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలైన చోట దాని అవసరం వేరే చెప్పనక్కర్లేదు. ఉత్తరాంధ్ర ఇళ్లలో చద్దన్నం, తరవాణి తెలిసినవారికి ఇది సొంత తిండే. 2022 మే 1న కార్మిక దినోత్సవం నాడు అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ అందర్నీ బోరే బాసీ తినమని పిలుపునిస్తే మంత్రులు, కలెక్టర్లు గిన్నెలతో ఫోటోలు దిగారు. కూలివాడి తిండి ఓ రోజుకు రాష్ట్ర చిహ్నమైంది. వాళ్ల పొయ్యిలోని పిడకల పొగ మాత్రం ఏ ఫోటోలోనూ కనిపించలేదు. అంగాకర్ రోటీ రుచి గురించి మాట్లాడేటప్పుడు రోజూ ఆ పొయ్యి ముందు కూర్చునే మనిషి ఊపిరితిత్తుల గురించి కూడా మాట్లాడటం న్యాయం.

ఈ ఇళ్లలో సెలవుల మొదటి విడత సొంతూరికి. కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లిన కుటుంబాలు ఆవకాయ జాడీలతో తిరిగొస్తాయి. రెండో విడత ఇంటికి దగ్గర్లోనే, కత్నీ లైను మీద. కర్గీరోడ్ దాటాక బేల్‌గహనా, టేంగన్‌మాడా, ఖోంగ్‌సరా. ఆ పైన పట్టాలు మైకల్ కొండల్లోకి ఎక్కుతాయి. దట్టమైన సాల వృక్షాల మధ్య, ఊరంటూ పెద్దగా కనబడని చోట భన్వర్‌టోంక్ స్టేషన్. అక్కడ 1907 నాటి సొరంగం, దగ్గర్లో మర్హీమాత గుడి. పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసాలు పట్టుకుని పొద్దుటి ప్యాసింజర్‌లో వెళ్లి సాయంత్రం బండిలో తిరిగి రావడానికి ఇంతకన్నా చవకైన విహారం లేదు. మిగిలిన దేశానికి సూచిక బోర్డులు, టికెట్ కౌంటర్లు ఉంటేగానీ అడవి అడవిలా అనిపించదేమో గానీ, రైల్వే పిల్లలకు మాత్రం ప్లాట్‌ఫారం దిగితే చాలు.

ఈ లైను మీద గాలి మార్పు కోసం ప్రయాణాలు చేయడం ఇవాళ్టిది కాదు. రవీంద్రనాథ్ టాగోర్ 1918 నాటి పలాతకా సంపుటిలోని ఫాఁకీ కవితలో, జబ్బుపడ్డ భార్యను డాక్టరు సలహాపై తీసుకెళుతున్న భర్త బండి మారడానికి దిగేది బిలాస్‌పూర్ స్టేషన్‌లోనే. పెండ్రారోడ్‌లో క్షయ రోగులకు శానిటోరియం ఉండేది. మందులు లేని ఆ రోజుల్లో కొండగాలి, మంచి తిండి, విశ్రాంతి ఇవే చికిత్స. కలకత్తా భద్రలోకం ఊపిరి కోసం వచ్చిన కొండలివి. ఈ విషయం మళ్లీ ప్రస్తావించాల్సి వస్తుంది.

విహారానికి ఇటీవల ఎదురైన అడ్డంకి బొగ్గు. 2022 వేసవిలో విద్యుత్ కేంద్రాలకు బొగ్గు కొరత వచ్చినప్పుడు గూడ్సు బండ్లకు దారివ్వడం కోసం ఈ జోన్‌లో పలు ప్యాసింజర్, ఎక్స్‌ప్రెస్ రైళ్లను రోజుల తరబడి రద్దు చేశారు. సరిగ్గా పెళ్లిళ్లు, సెలవుల కాలం. పిక్నిక్ మానుకోవడం పెద్ద నష్టం కాదు. బస్సు సరిగా అందని ఖోంగ్‌సరా లాంటి చోట్ల ఆస్పత్రికి, సంతకు వెళ్లేవారికి కూడా ఆ బండ్లే దిక్కు కావడంతో అసలు దెబ్బ అక్కడ తగిలింది.

డబ్బున్నవారికి మరో దారుంది. 1975లో అభయారణ్యంగా ప్రకటించిన అచానక్‌మార్ 2009లో పులుల రిజర్వ్ అయింది. విస్తీర్ణం 914 చదరపు కిలోమీటర్లు. అచానక్‌మార్-అమర్‌కంటక్ జీవావరణ ప్రాంతానికి 2005లో గుర్తింపు రాగా, 2012లో యునెస్కో జాబితాలో చేరింది. శివతరాయి గేటు దగ్గర జీపెక్కితే కొమ్ముల దుప్పులు, అడవి దున్నలు కనిపిస్తాయి. పులి కనిపిస్తే అదృష్టం. రుతుపవనాలు రాగానే గేట్లు మూసేస్తారు కాబట్టి మే నెలలో రద్దీ సహజం.

అయితే జీపులు గేటు దగ్గర వరసకట్టే వేళకు అడవిలో ఓ పూట పని అయిపోయి ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండెక్కితే వాడిపోతుంది, పశువులు తినేస్తాయి. కాబట్టి తల్లులు, పిల్లలు, ముసలివాళ్లు చీకటితోనే బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. ఎండుటాకుల్లో పువ్వు కనబడదని ముందురోజే ఆకులు కాలుస్తారు. వేసవిలో అడవికి అంటుకునే మంటల్లో కొన్నింటి పుట్టుక ఇక్కడే. పైగా ఇప్పపువ్వంటే ఎలుగుబంటికి కూడా ప్రాణం. కోటాకు ఉత్తరాన మర్వాహీ అడవులు ఎలుగులకు పేరుపడ్డవి. మసక చీకట్లో చెట్టుకింద వంగి ఉన్న మనిషి, చెట్టుకిందికి వచ్చిన ఎలుగు ఒకర్నొకరు చివరి క్షణందాకా గమనించకపోవడమే ఇక్కడి ప్రమాదాలకు మూలం. ఇంత కష్టానికి దక్కేదేమిటంటే, 2020లో ప్రభుత్వం పెంచిన మద్దతు ధర ప్రకారం ఎండు పువ్వుకు కిలో రూ.30.

ఇప్పపువ్వు తర్వాత మొర్రిపండ్లు, అంటే మిఠాయిల మీద చల్లే సారపప్పు. ఆపైన తునికాకు. తునికాకు లెక్క చిత్రమైనది. 50 ఆకులు ఒక కట్ట, 1,000 కట్టలు ఒక ప్రామాణిక సంచి. సంచికి 2019లో రూ.4,000, 2024లో రూ.5,500 అయింది. భాగిస్తే ఆకుకు 11 పైసలు. చెట్టు మీదినుంచి కోసి, ఏరి, పేర్చి, నారతో కట్టి, కొనుగోలు కేంద్రం దాకా మోసినందుకు అది. గిరిజన ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులు గ్రామసభలవని 1996 నాటి పెసా చట్టం అంటుంది. వాటిని సేకరించి అమ్ముకునే హక్కు వ్యక్తులకు ఉందని 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెబుతుంది. తునికాకు వ్యాపారం మాత్రం ఉమ్మడి మధ్యప్రదేశ్ 1964లో చట్టం చేసిన నాటినుంచి ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందే నడుస్తూ వచ్చింది. గుత్తాధిపత్యం తెచ్చింది దళారుల నుంచి కాపాడటానికేనన్న మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆకు ఎవరిదన్న ప్రశ్నకు మూడు చట్టాలు ఒకే జవాబు ఇవ్వడం లేదు.

మూడో పని పెరడు. ఛత్తీస్‌గఢీలో దాన్ని బాడీ అంటారు. తెలుగు చెవికి ఇంగ్లిష్ బాడీలా వినబడుతుంది, శరీరానికి దానికి ఉన్న సంబంధం రీత్యా ఆ పొరపాటు అంత తప్పు కూడా కాదు. ఇంటి వెనక కంచె కట్టి వేసుకున్న నాలుగైదు సెంట్ల జాగా. అందులో ఆనప, బీర, బర్బటి, వంగ, చేమ. ఓ మూల ముంగా, అంటే మన మునగ. బూడిదగుమ్మడిని రఖియా అంటారు, దాంతో పెట్టే రఖియా బరీ అచ్చంగా మన గుమ్మడి వడియమే. ఇక ఆకుకూరల మాటకొస్తే, రాష్ట్రం పేరుకు తగ్గట్టు తమకు 36 రకాల భాజీలున్నాయని ఇక్కడివాళ్లు గర్వంగా చెబుతారు. లెక్కపెడితే ఇంకా ఎక్కువే తేలతాయి. బిలాస్‌పూర్ కూరగాయల బజారులో తెలుగు ఇల్లాలిని ఠక్కున ఆపేది అమారీ భాజీ. పేరేదైతేనేం, అది గోంగూర.

రైల్వే క్వార్టర్లలో పాత తరహావాటికి ముందూ వెనకా ఖాళీ స్థలం ఎక్కువ. ఉద్యోగం రైల్వేది, ఇల్లు రైల్వేది, ఆనప పందిరి మాత్రం సొంతం. వేసవిలో ఇక్కడ పెరడు సాగు తేలిక కాదు. ఎర్రమట్టి గరప నేల నీటిని నిలుపుకోదు. అనుభవమున్నవాళ్లు పాదులో పశువుల ఎరువు దట్టంగా వేసి, పైన వరిగడ్డి పరిచి, తెల్లవారుజామునా పొద్దువాలాకా మాత్రమే నీళ్లు పోస్తారు. స్నానాల నీళ్లు అరటి, మునగలకు మళ్లిస్తారు. తోటకూర చల్లితే నెల తిరక్కుండా కోతకొస్తుంది కాబట్టి పిల్లలకు మొదట అప్పగించేది అదే. విత్తనం వేసినవాడికి సెలవులు అయిపోయేలోగా ఫలితం కనబడాలి కదా.

పల్లెల్లో నీళ్లతోబాటు కంచె కూడా సమస్యే. వరి కోతలైపోగానే పశువుల్ని వదిలేయడం ఇక్కడి ఆచారం. వానలు పడి నాట్లు మొదలయ్యేదాకా అవి ఊరంతా తిరుగుతాయి. కంచె లేని బాడీ వాటి పాలే. ముళ్లకంపకు, వెదురుకు డబ్బులేనివారు బేషరమ్ కొమ్మలు పాతుతారు. ఎక్కడ గుచ్చినా బతికే, పశువులు ముట్టని ఆ మొక్క తెలుగు కాలవగట్ల మీది లొట్టపీసే. 2019లో బఘేల్ ప్రభుత్వం వాగులు, పశువులు, ఎరువు గుంటలు, పెరళ్లు నాలుగూ కలిపి 'నర్వా, గరువా, ఘురువా, బాడీ' పథకం తెచ్చింది. 2020లో పశువుల పేడను కిలో రూ.2కు కొనడం మొదలుపెట్టింది. పశువుల్ని ఒకచోట నిలిపితే ఎరువు వస్తుంది, ఎరువుంటే పెరడు పండుతుంది అన్నది ఆలోచన. తర్కంలో లోపం లేదు. అయితే 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారాక ఆ నినాదం పక్కకు పోయింది. ఆలోచన మంచిదైనా దాని మీద ఒక పార్టీ ముద్ర పడితే ఆయుర్దాయం ఐదేళ్లే.

పెరట్లో నాలుగు కూరలు పండినా పండకపోయినా రైల్వే క్వార్టర్‌లో వంట ఆగదు. అడవి అంచున ఆ తేడా ఎంతో గనియారీ ఆస్పత్రి రికార్డులు చెబుతాయి. బిలాస్‌పూర్‌కు 20 కిలోమీటర్ల దూరంలోని ఆ ఊళ్లో, ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు డాక్టర్లు 1990ల చివర్లో జన్ స్వాస్థ్య సహయోగ్ పేరిట పని ప్రారంభించారు. కోటా బ్లాకులోని అటవీ గ్రామాలు కూడా వారి పరిధిలోనివే. 2004-2009 మధ్య తమ దగ్గరికి వచ్చిన 1,695 మంది వయోజన క్షయ రోగుల బరువుల్ని విశ్లేషించి 2013లో వారు ప్రచురించిన అధ్యయనంలో పురుషుల మధ్యస్థ బరువు 42.1 కిలోలు, స్త్రీలది 34.1 కిలోలు. చికిత్స మొదలయ్యేనాటికి అంత బక్కచిక్కి ఉన్నవారిలోనే మరణాలు ఎక్కువని కూడా తేలింది. ఒకప్పుడు క్షయ రోగులు కోలుకోవడానికి వెతుక్కుంటూ వచ్చిన పెండ్రారోడ్ ఈ లైను మీదే ఉంది. గాలి ఇప్పటికీ మంచిదే. లేనిది కంచంలో పప్పు, నూనె, కూర.

పసిపిల్లల విషయంలో ఇదే సంస్థ గమనించిన చిక్కు మరొకటుంది. అంగన్‌వాడీలో రోజూ కూర్చోబెట్టుకుని తిండిపెట్టేది మూడేళ్లు నిండినవారికి. అంతకన్నా చిన్నవాళ్లను, తల్లి ఇప్పపువ్వుకో తునికాకుకో వెళితే చూసుకునేది ఆరేడేళ్ల అక్క. ఆమెకు సెలవులు లేవు, ఉన్నది చంకన తమ్ముడు. దీనికి పరిష్కారంగా ఆరునెలల నుంచి మూడేళ్ల వయసు పిల్లలకు ఊళ్లోనే ఫుల్వారీలు తెరిచారు. ఊళ్లో ఓ స్త్రీ వాళ్లను కనిపెట్టుకుని ఉండి రోజులో రెండుమూడుసార్లు ఖిచిడీ, సత్తుపిండి లాంటివి తినిపిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2012 నుంచి సర్గుజా ప్రాంతంలో ఇదే పేరుతో ఇలాంటి కేంద్రాలు నడిపింది. ఫుల్వారీ అంటే పూలతోట. పిల్లల్ని అక్కడ దించడం వల్ల తల్లి నిశ్చింతగా అడవికి వెళ్లగలగడం ఒక లాభమైతే, అక్క చంక ఖాళీ కావడం రెండోది.

తెలుగు పత్రికల్లో అక్షయ తృతీయ వస్తోందంటే బంగారం దుకాణాల ప్రకటనలే. ఈ పల్లెల్లో ఆ రోజు అక్తి. ఇళ్లలో దాచిన విత్తనాలు ఆకుదొన్నెల్లో పెట్టి ఠాకుర్‌దేవ్ ముందు ఉంచుతారు. కొత్త వ్యవసాయ సంవత్సరం అప్పటినుంచే. పిల్లలు మట్టి బొమ్మలకు పసుపు రాసి, పందిరి వేసి, ఊరేగించి పెళ్లి చేస్తారు. పెళ్లి భోజనం కూడా పెద్దవాళ్ల చేత వండిస్తారు.

జూన్ మధ్యలో బళ్లు తెరుస్తారు. తొలకరి పడగానే అక్తి నాటి దొన్నెల్లోని గుమ్మడి, ఆనప, బీర గింజలు బాడీ కంచె పక్కన గుంటల్లోకి చేరతాయి. తీగ కంచెకెక్కి కాయ దిగడానికి రెండు నెలలు పడుతుంది. శ్రావణ భాద్రపదాలు ఇంట్లో నిరుటి ధాన్యం అడుగంటే నెలలు, తునికాకు డబ్బులు అప్పటికే విత్తనాలకు, బడి పుస్తకాలకు అయిపోయి ఉంటాయి. పాదు కాపుకొచ్చేదాకా కూరంటే వానకు గట్ల మీద తనంత తానే మొలిచే చరోటా భాజీయే. దాన్ని కోసుకురావడం మళ్లీ పిల్లల పనే, బడి వదిలాక.